మగ్గం గుంతలో ముత్తాత

లైబ్రరీలో పనిచేసి రిటైరైన దాన్నని తెలియగానే పిల్లలు నన్ను అడిగేది ఒకటే: ఎన్ని పుస్తకాలు చదివారమ్మా అని. నాకు లెక్క తెలియదు. నాకోసం నేను చదువుకున్నవి తక్కువ, పదిమందికి పైకి చదివి వినిపించినవి ఎక్కువ. వాటిలో ఒకటి నా కొంప ముంచబోయింది. ఆ సంగతే మీకు చెప్పాలి. మీలో ఎవరైనా కొత్తగా ఈ కొలువులో చేరి ఉంటే కాస్త చెవి పెట్టండి. ఏ పుస్తకాన్నైనా ముందు ఒంటరిగా చదువుకోకుండా నలుగురి మధ్యకు తీసుకుపోకూడదన్న బుద్ధి నాకు దానివల్లే వచ్చింది.

నేను బడికి పోలేదు. సిరిసిల్లలో మా బాపు మగ్గం మీద కూర్చుని నేస్తూనే, పక్కన నేలమీద నాచేత అక్షరాలు దిద్దించాడు. తర్వాత దేవుడి పుస్తకాలు చదివించాడు. మగ్గం చప్పుడులో ఆయనకు వినపడాలి కాబట్టి అరిచినట్టు చదవడం అలవాటైంది. ఆయన పెట్టిన నియమం ఒకటే. ఉన్నది ఉన్నట్టు చదవాలి, ఒక్క మాట మింగకూడదు, ఒక్క మాట కలపకూడదు. అర్థం కాకపోయినా సరే.

ఆ గొంతే నాకు కొలువు ఇప్పించింది. పెళ్లయి కోరుట్లకు వచ్చాక మా ఆయన దుబాయి పోయాడు. ఊళ్లో చిన్న లైబ్రరీకి అటెండరు కావాలన్నారు. ఆఫీసరు పేపరిచ్చి చదవమన్నాడు. నేను చదివితే రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి లోపలికి తొంగిచూశారు. ‘ఇంక చాలమ్మా, రేపటి నుంచి రా’ అన్నాడాయన. ధర్మపురి నరసింహస్వామి దయ అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను.

తలుపులు తియ్యడం, ఊడవడం, పేపర్లను కర్రలకు తొడగడం, కొత్త పుస్తకాలకు ముద్ర వేయడం నా పని. ముద్ర మొదటి పేజీలోనే కాదు, లోపల ఒక పేజీలో కూడా వేస్తాం. ఎవరైనా మొదటి పేజీ చించేసినా పుస్తకం మాదేనని తెలియడానికి. ఏ పుస్తకానికైనా ఆ లోపలి పేజీ అంకె ఒకటే.

మా లైబ్రేరియన్ సారు జగిత్యాల నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. చాలా మంచి మనిషి, చాలా భయస్తుడు. అవి అన్నల, అదే నక్సలైట్ల, రోజులు. తెల్లారేసరికి గోడల మీద ఎర్ర రాతలు పడేవి, మధ్యాహ్నానికి పోలీసులు సున్నం కొట్టించేవారు. సారుకు అన్నలంటే భయం, పోలీసులంటే భయం, సున్నం కొట్టేవాడన్నా భయమే. ఎందుకైనా మంచిదని ఎర్ర అట్టలున్న పుస్తకాలన్నీ వెనుక గదిలో దాచిపెట్టారు. కూరగాయల సాగు, పశువుల రోగాలు, భజన పాటలు అన్నీ అజ్ఞాతంలోకి పోయాయి. ఎవరైనా రైతు వచ్చి వంగతోట పుస్తకం అడిగితే, సారు అటూ ఇటూ చూసి, పేపర్లో చుట్టి ఇచ్చేవారు.

మధ్యాహ్నం తర్వాత లైబ్రరీ వరండా బీడీలు చుట్టే ఆడవాళ్లది. ఇళ్లలో ఉక్కపోత. మా వరండాలో నీడ, గాలి. ఒళ్లో చాటలు పెట్టుకుని, తడిపిన తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోసి చుడుతూ కూర్చునేవారు. చేతులకు పని ఉంది, చెవులకు లేదు. అందుకని నేను చదివేదాన్ని. కథలు, పురాణాలు, పేపరు, ఏదైనా సరే. నచ్చకపోతే వాళ్లే చెప్పేవారు, ‘గిది పక్కన పెట్టు పొల్లా, నిద్రొస్తుంది’ అని.

వాళ్లలో ఒకామె గంభీరావుపేట ఆడపడుచు. మా పెద్దలదీ అదే ఊరు. బాపు చిన్నతనంలోనే సిరిసిల్లకు వచ్చేశారు. ఆమెది మా పాత ఇంటికి పక్కిల్లు. వరసకు వదిన అవుతుంది. నోరు కాస్త జోరు.

ఇక మా ముత్తాత సంగతి. బాపుకు తాత. ఆయన భజనల్లో వాయించిన చిరుతలు, చేతిలో పట్టే చెక్క తాళాలు, నా దేవుడి గూట్లో ఉండేవి. రోజూ దీపం పెట్టి స్వామికి మొక్కాక వాటికీ మొక్కేదాన్ని. ఎందుకంటే చిన్నప్పుడు మా బాపమ్మ, అంటే బాపు తల్లి, చెప్పిన కథ అలాంటిది. నిజాం కాలంలో మగ్గం పన్ను కట్టలేదని సాలెవాడలో బట్టను జప్తు చేయడానికి సర్కారు అధికారి అమీను గుర్రమెక్కి వచ్చాడట. ఊరంతా తలుపులు మూసుకుంటే మా ముత్తాత ఒక్కడే నడివీధిలో నిలబడి చిరుతలు వాయిస్తూ స్వామి నామం పాడాడట. గుర్రం మోకాళ్లు వంచిందట. అమీను దిగి దండం పెట్టి వెనక్కి పోయాడట. బాపమ్మ ఈ కథ చెప్తున్నంతసేపూ బాపు తల వంచుకుని నేసుకునేవాడు. వినయం అనుకున్నాను.

ఒక రోజు కొత్త పుస్తకాల కట్ట వచ్చింది. అందులో ఒకటి జగిత్యాలలో ఉండే ఒక రిటైర్డ్ పంతులుగారు రాసింది. మన సాలెవాడల పాత ముచ్చట్లు. ఊరూరా తిరిగి పెద్దవాళ్లను అడిగి రాశారు. సిరిసిల్లలో మా బాపు దగ్గర కూడా ఒక మధ్యాహ్నమంతా కూర్చుని పోయారని నాకు తెలుసు. నాకెంత సంతోషమో చెప్పలేను. ముద్రలు వేసి, తడి ఆరక ముందే వరండాలోకి తీసుకుపోయాను. మీకు ముందే చెప్పాను కదా, ఒక్కసారి కూడా నాకు నేను తిరగేసి చూసుకోలేదు.

గంభీరావుపేట అని కనబడగానే గొంతు ఇంకాస్త పెంచాను.

‘మగ్గం పన్ను కట్టని ఇళ్లలో బట్ట జప్తు చేయడానికి అమీను గుర్రమెక్కి వచ్చాడు. భజనలకు పేరుపొందిన ఫలానా వారు...’ పుస్తకంలో ఫలానా అని లేదు, ఇంటిపేరుతో సహా మా ముత్తాత పేరు నిక్షేపంలా ఉంది. ఆ పేరును నేను వీధి చివరి దాకా వినబడేట్టు చదివాను. ‘...గుర్రం డెక్కల చప్పుడు వినగానే తమ మగ్గం గుంతలో దాక్కున్నారు.’

చాటల మీద చేతులన్నీ ఆగాయి.

“మల్ల సదువు,” అంది వదిన. “గుంతల ఎవలు?”

మగ్గం గుంత ఇప్పటి పిల్లలకు తెలియదు. మగ్గం ముందు నేలలో తవ్విన గొయ్యి. నేసేవాడు గట్టున కూర్చుని కాళ్లు అందులోకి వేసి, కింద ఉన్న కర్రలను తొక్కుతాడు. మనిషి కాళ్లకే చాలని చోటు. అందులో మా ముత్తాత ఒళ్లంతా ముడుచుకుని ఉన్నాడు, అచ్చులో.

ఉన్నది ఉన్నట్టు చదవాలన్నది బాపు నియమం. చదివాను. ‘భయమేసినప్పుడు పైకి నామస్మరణ చేయడం వారి అలవాటు. ఆ అలవాటు వల్లనే పట్టుబడ్డారు. అమీను కొరడా చూపించగా, పొరుగింటివారు వడ్ల గుమ్మిలో దాచిన చీరల సంగతి చెప్పి తాము బయటపడ్డారు. తరువాత చాలాకాలం వారిని వీధిలో పిరికి భక్తుడని పిలిచేవారు.’

“పొరుగింటోళ్లంటే మేమే,” అంది వదిన చుట్టూ చూసి, సన్మానం జరిగినట్టు కొంగు సర్దుకుంటూ. “గుమ్మి మాదే, చీరలు మావే.”

“నీకు ఈ కథ ముందే తెలుసా వదినా?”

“తెలువకేంది? మా ఇంట్ల పిల్లలు బువ్వ తినకుంటె గిదే కథ చెప్తరు. మీ తాత గుంతలకెల్లి లేసే కాడికి ఆఖరి బుక్క అయిపోతది.”

“మరి నాకు ఎప్పుడూ చెప్పలేదు?”

“ఎట్ల చెప్పాలె? పొద్దున లేస్తె మా ముత్తాత, మా ముత్తాత అని మొక్కుతనే ఉంటివి. పాపం అనిపిచ్చింది.”

నేను లోపలికి పోయి చూసుకున్నాను. ఇంకో ఘోరం. లోపల ముద్ర వేసే పేజీ సరిగ్గా అదే. ‘దాక్కున్నారు’ అన్న మాట పక్కన గుండ్రంగా, ఊదారంగులో, ప్రభుత్వమే ధ్రువీకరించినట్టు నా చేత్తో నేనే ముద్ర కొట్టాను.

అంతటితో పోతే బాగుండేది. రెండు రోజులకు బస్సు కండక్టరుతో బాపు కబురు పంపాడు. తాత పుస్తకంలకెక్కిండట, మంగళవారం వస్తున్న, నువ్వే చదివి వినిపించాలె అని. కళ్లకు పొర వచ్చి ఆయనకు అక్షరాలు కనబడని రోజులవి. పంతులుగారి పుస్తకంలో మా తాత ఉన్నడని అప్పటికే సిరిసిల్లలో వీధి వీధంతా చెప్పుకున్నాడని కూడా కండక్టరే చెప్పాడు.

నాకు అన్నం సహించలేదు. చదివితే ఆ ముసలి ప్రాణం ఏమవుతుంది? తల ఎత్తుకుని వీధిలో ఎట్లా తిరుగుతాడు? మార్చి చదివితే నాకు అక్షరం పెట్టిన మనిషిని ఆయన అక్షరంతోనే మోసం చేసినదాన్నవుతాను. కళ్లు కనబడని తండ్రిని. స్వామీ, నా నోట అబద్ధం రాకుండా, ఆయన కంట నీరు రాకుండా ఏదో దారి చూపు, ఏం దారో నాకు తోచడం లేదు అని మొక్కాను.

వరండాలో అందరూ తలా ఒక సలహా ఇచ్చారు. అందరికంటే పెద్దావిడ, “ఆ పేజి అతికిపోయిందని చెప్పు. బీడీ కట్టలకు మైదపిండితోని లేబుళ్లు అతికిచ్చే చెయ్యి నాది, నేనే అతికిస్త,” అంది.

ఇంకొకామె, “కరెంటు పోయిందను,” అంది.

“పట్టపగలు కరెంటేందే?”

“ముసలాయినకు కండ్లు కనబడయి గదా, ఏమెరుక?”

వదిన ఒప్పుకోలేదు. “మావోళ్ల ముచ్చట ఉన్నది గా ఒక్క పేజిలనే. దాన్ని అతికిస్తరా? మా పిల్లలకు చూపియ్యొద్దా?” అని పుస్తకం లాక్కుని, ఆ పేజీ పోకుండా గుర్తుగా చాటలోంచి ఒక ఎండిన తునికాకు తీసి పెట్టింది. కాడ ఇంత పొడుగున బయటికి కనబడుతోంది.

మంగళవారం బాపు వచ్చాడు. ఉతికిన ధోవతి, భుజాన కొత్త కండువా. వరండా మధ్యలో కుర్చీ వేస్తే చుట్టూ చాటలు, నడుమ ఆయన, పెళ్లిపెద్దలా కూర్చున్నాడు. చీకటి పడకముందే వేములవాడ మీదుగా పోయే బస్సు ఎక్కాలి. ఆ రోజుల్లో పొద్దు గూకాక ఎవరూ ప్రయాణం పెట్టుకునేవారు కాదు. నా ఆశంతా ఆ బస్సు మీదే. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ముందుమాట చదివాను. కృతజ్ఞతలు చదివాను. అచ్చువేసిన వాళ్ల చిరునామా కూడా చదివాను.

“మా తాత ఎప్పుడొస్తడు బిడ్డా?” అన్నాడు బాపు.

“వస్తడు బాపూ. ఇంక పత్తి సంతనే నడుస్తుంది.”

పత్తి సంతను ఎంత మెల్లగా నడిపించాలో అంత మెల్లగా నడిపించాను. ఎడ్లబండి ఒక్కొక్కటీ పేరుపేరునా దాటింది. చాటల్లోంచి ఆవులింతలు వినిపిస్తున్నాయి. బాపు మాత్రం ఎడ్లను కూడా శ్రద్ధగా విన్నాడు.

అప్పుడు గేటు ముందు జీపు ఆగింది.

భయమేస్తే నా నోరు నా మాట వినదు. “నరసింహా, నరసింహా” అని పైకే వచ్చేసింది, మగ్గం చప్పుడు మీద వినబడే గొంతుతో.

“నోరు ముయ్యి,” అంది వదిన పళ్ల సందున. “మీ వంశానికే ఉందా ఏంది గీ జబ్బు.”

“ఏం జబ్బమ్మా?” అన్నాడు బాపు.

“ఏం లేదు మామా. దగ్గు.”

ఎస్సై కొత్తగా వచ్చినవాడు, కుర్రవాడు. వెనుక ముగ్గురు పోలీసులు. లోపల సారు కుర్చీ ఖాళీగా ఉంది. అంతకు క్షణం ముందు వరకు సారు అందులోనే ఉన్నారు.

“ఏందమ్మా, మీటింగా?” అన్నాడు ఎస్సై.

“కాదు సార్. పుస్తకం చదువుతున్న. వీళ్లు వింటరు.”

“రోజు గిట్లనే గుంపుగ కూసుంటరట. ఒకామె గట్టిగ ఏదో చదువుతదట. నాకు రిపోర్టు ఉంది.”

“మా పొల్ల ఎప్పుడైన గట్టిగనే చదువుతది సారూ,” అన్నాడు బాపు కుర్చీలోంచే, గర్వంగా.

ఎస్సై నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. అట్ట చూశాడు. ఎర్రది కాదు, ఆకుపచ్చ. అప్పుడు కాడ కనబడింది. మెల్లగా తెరిచాడు. తునికాకు. మీకు ఆ రోజుల సంగతి తెలియకపోతే ఇందులో భయమేముందో అర్థం కాదు. తునికాకు రేటు పెంచాలని అన్నలు గోడల నిండా రాసిన వారం అది. ఆకు కోసే కూలీల గొడవల్లో పోలీసులకు నిద్ర లేదు.

“గీ ఆకు ఎవలు పెట్టిన్రు?”

వదిన తలెత్తలేదు. జీవితంలో మొదటిసారి ఆమె నోరు మూతపడింది.

“ఈ పేజికే ఎందుకు పెట్టిన్రు? ముద్ర గూడ ఉంది.” ఎస్సై ఆకును వెలుతురుకు పెట్టి చూశాడు, మీద ఏమైనా రాసుందేమోనని. “సీక్రెట్ కోడా ఇది? చదువు. గీ పేజే చదువు.”

“సార్, అది వేరే...”

“చదువుమన్న గదా.”

పుస్తకం నా చేతికిచ్చి, వెనుక నిలబడి, నా భుజం మీదుగా అక్షరం అక్షరం చూస్తున్నాడు. ఒక్క మాట మింగడానికి లేదు, ఒక్క మాట కలపడానికి లేదు. స్వామి నా మొర విన్నాడు గాని, ఎవరిని పంపాడో చూడండి.

చదివాను. అమీను వచ్చాడు. ముత్తాత గుంతలో దూరాడు. నామస్మరణ చేశాడు. దొరికాడు. కొరడా చూడగానే చీరల సంగతి చెప్పాడు. పిరికి భక్తుడని ముగించి, పుస్తకం మూశాను. బాపు వైపు చూసే ధైర్యం లేదు. పోలీసుల్లో ఒకాయన నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు.

“ఎవలు ఈ భక్తుడు?” అన్నాడు ఎస్సై.

“మా తాత,” అన్నాడు బాపు.

వరండా అంతా చల్లబడిపోయింది. ఎస్సై కూడా కాస్త ఇబ్బంది పడ్డాడు.

“తప్పు రాసిండు,” అన్నాడు బాపు.

“పోనీ బాపూ...”

“పోనియ్యి అంటవేంది? పొద్దంత కూసోని చెప్పిన. చాయలు తాగిండు. అన్ని తలకాయ ఊపుకుంట రాసుకున్నడు. గిదా రాసేది? మా తాత దూరింది సొంత గుంతల గాదు.”

“మరి?” అన్నాడు ఎస్సై.

“సొంత గుంతలకు పోతె మా నాయనమ్మ నేస్తుండె. ‘నడుమ నీ తలకాయేంది, పోగులు తెగుతయి, అవుతల పడు’ అని తన్నింది. గోడ దునికి పక్కింటి గుంతల దూరిండు. వీళ్ల గుంతల,” అని బాపు వదిన గొంతు వినబడిన వైపు చెయ్యి చూపించాడు. “వీళ్ల ముత్తవ్వకు తెల్వది. వచ్చి మగ్గం మీద కూసోని కాళ్లేసింది. మా తాత నడినెత్తి మీద. ఇగ ఈన నరసింహా అన్నడు. ఆమె కాళ్లు తీసింది. ఈన ఊకున్నడు. మల్ల కాలేసింది, మల్ల నరసింహా అన్నడు. మగ్గం గుంతల స్వామి ఎలిసిండనుకున్నది. పోయి కొబ్బరికాయ తెచ్చింది.”

“కొబ్బరికాయా?” అన్నాడు గోడవైపు తిరిగిన పోలీసు, ఇటు తిరిగి.

“అమీను ఇంట్లకు వచ్చేసరికి ఆమె గుంతకు హారతి ఇస్తున్నది. లోపట ఈన కొబ్బరి ముక్క తింటున్నడు. ఆకలైంది గదా పాపం, పొద్దున దూరిండు.”

ముందుగా నవ్వింది పెద్దావిడ. చాటలోని తంబాకు అంతా చీర మీద పోసుకుంది. తర్వాత ఎవరు ఎవరో చెప్పలేను. ఎస్సై అప్పటికే బాపు ముందు స్టూలు మీద కూర్చున్నాడు.

“అప్పుడు కొరడా చూపిచ్చిండా?”

“కొరడా లేదు గిరడా లేదు. పంతులు మర్యాదస్తుడు, మావోని పరువు కోసం కొరడా పెట్టిండు. అమీను ఏం అడిగిండో తెలుసా? దూప అయితుంది, మంచినీళ్లు ఉన్నయా అని అడిగిండు. గంతే. చీరలు గుమ్మిల ఉన్నయని మా తాత చెప్పిండు. అడగకముందే చెప్పిండు.”

ఎస్సై చాలాసేపు నవ్వాడు. తర్వాత టోపీ తీసి నుదురు తుడుచుకుని, “గసొంటోళ్లు ఇప్పుడెక్కడున్నరు పెద్దమనిషీ,” అన్నాడు. “ఇప్పుడు ఎన్నిసార్లు అడిగినా ఒక్కడు నోరు తెరువడు.”

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. అందరూ ఉన్నట్టుండి చాటల్లోకి చూసుకుని బీడీలు చుట్టసాగారు.

ఆ నిశ్శబ్దంలోనే వెనుక గదిలో పుస్తకాలు కూలిన చప్పుడు వినిపించింది. పోలీసులు ముగ్గురూ తుపాకులు సర్దుకుని అటు తిరిగారు. “ఎవలది? బయటికి రా,” అన్నాడు ఎస్సై.

మా సారు వచ్చారు. నెత్తినిండా దుమ్ము, రెండు చేతులూ పైకి. ఒక చేతిలో పశువుల రోగాల పుస్తకం.

“నేను లైబ్రేరియన్ను సార్. ఆ ఆకు నాది కాదు సార్, గంభీరావుపేటామెది. లోపల ఎర్ర అట్టలు ఉన్నయి గని అన్ని కూరగాయలవే సార్. బీర్పూర్‌ల మా బామ్మర్ది ఉన్నడు, వానికి ఎవలతోని సంబంధం లేదు సార్.”

వాటిలో ఒక్కటీ ఎవరూ అడగలేదు.

బాపు చెవి అటు పెట్టి విన్నాడు. “సారూ,” అన్నాడు మర్యాదగా, “మీ పెద్దలది గంభీరావుపేటనా?”

ఎస్సై నవ్వుతో ఇంక నిలబడలేకపోయాడు. పోతూ పోతూ ఆకును మాత్రం వదల్లేదు. వచ్చినందుకు ఏదో ఒకటి స్టేషన్లో చూపించాలి కదా. తునికాకు ఒకటి, ఎండినది, అని కాగితం రాయించి సారు చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆ పిల్లవాడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఆ రోజుల్లో జీపు వచ్చి నవ్వించి పోయిన వీధి మాదొక్కటే అయి ఉంటుంది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా స్వామికి దండం పెట్టుకుంటాను.

బాపును బస్టాండుకు నేనే తీసుకుపోయాను. దారిలో అడిగాను.

“నీకు బాధ అవుతదనుకున్న బాపూ. వారం రోజుల నుంచి అన్నం తినలే.”

“నాకెందుకు బాధ? మా తాత తనే చెప్పేటోడు గా కథ. దసరకు వాకిట్ల కూసోని, పక్కింటోళ్లను పిలిచి, గుంతల ఎట్ల దూరిండో దూరి చూపిచ్చేటోడు. మేమంత ఒర్లుకుంట నవ్వేటోళ్లం. బతికినంత కాలం కొత్త పడుగు ఎక్కిచ్చినప్పుడల్లా మొదటి బట్ట వాళ్లింట్లనే ఇచ్చి వచ్చేటోడు. భయపడ్డడు. భయపడ్డనని దాసుకోలే.”

“మరి గుర్రం మోకాళ్లు వంచిందని బాపమ్మ ఎందుకు చెప్పింది?”

బాపు నా భుజం పట్టుకుని బురద దాటాడు.

“నీకు చిన్నప్పుడు చీకటంటె శాన భయముండె. వాకిట్లకు పోవాలన్న ఏడ్సేదానివి. పిరికోని మనుమరాలివని చెప్తె ఇంకింత భయపడ్తదని మా అవ్వ గుర్రాన్ని వంచింది. ఉన్నది ఉన్నట్టు చదువాలని నీకు నేర్పిన గని, మా అవ్వకు చదువు రాకపాయె. ఆమెకు ఎవలు చెప్పాలె?”

ఆమె చెప్పిన ఆ గుర్రం వల్లనే నేను చీకట్లో వాకిట్లోకి పోగలిగాను. మగవాడు దుబాయిలో ఉంటే ఒంటరిగా లైబ్రరీ తలుపులు తీసి మూయగలిగాను. ఆమెకూ ఒక దండం. మరుసటి రోజు గూట్లో చిరుతలకు మొక్కినప్పుడు నవ్వొచ్చింది. ముత్తాత ఏమీ అనుకుని ఉండడు.

బస్సు కదిలేముందు కిటికీలోంచి బాపు ఆఖరి మాట. “ముద్ర అన్నడు గదా గా పోలీసాయిన. ఏం ముద్ర?”

“లైబ్రరీ ముద్ర బాపూ. ఆ పేజీ మీదనే పడ్డది.”

“సర్కారు ముద్రనా?”

“సర్కారుదే.”

సిరిసిల్ల చేరేలోగా బస్సంతా ఆ ముద్ర సంగతి తెలిసిపోయిందట. కండక్టరు చెప్పాడు.

తర్వాతి రోజుల్లో మా వరండాలో వచ్చిన గొడవ వేరు. మా ముత్తాతను చూసి అందరికీ అసూయ పుట్టింది. వాళ్ల వాళ్ల తాతలు ఎందుకు లేరు పుస్తకంలో? ఒకామె తాత బర్రె తోక పట్టుకుని వాగు దాటుతూ ధోవతి పోగొట్టుకున్నాడట. ఇంకొకామె తాత పెళ్లిచూపులకు పోయి తప్పు ఇంట్లో భోంచేసి వచ్చాడట. పెద్దావిడ అయితే, “మా ఆయిన తాతనే పుస్తకానికి సరిపోతుండె,” అని మొదలుపెట్టి మూడు మధ్యాహ్నాలు చెప్పింది. అన్నాళ్లూ నేను చదవలేదు, కూర్చుని విన్నాను. వదిన మాత్రం ఇంకో తునికాకు తెచ్చి అదే పేజీలో పెట్టి, ప్రతివారం మళ్లీ చదివించుకునేది. గుమ్మి అన్న మాట దగ్గర చుట్టూ ఒకసారి చూసేది.

బాపు ఊరుకోలేదు. జగిత్యాల పంతులుగారిని సిరిసిల్లకు రప్పించాడు. ముత్తాతను అవమానించినందుకు తిడతారేమోనని పాపం ఆయన ఇద్దరు స్నేహితులను తోడు తెచ్చుకున్నారట. తీరా చూస్తే బాపు అడిగింది వేరు. ఇంత తగ్గించి రాస్తే ఎట్లా అని. రెండోసారి అచ్చు వేసినప్పుడు పంతులుగారు పెద్దమనసుతో దిద్దారు. పక్కింటి గుంత అని మార్చారు. కొరడా తీసేశారు. మంచినీళ్లు పెట్టారు. మా ముత్తవ్వ తన్నిన సంగతి కూడా, కాస్త మర్యాదగా, చేర్చారు. కానీ కొబ్బరికాయ గురించి ఒక్క ఇంటివారే చెప్తున్నారు, వేరే ఆధారం దొరకలేదు, చరిత్రలో రాయలేనన్నారు.

“ఆధారం ఏంది?” అని బాపు చివరి దాకా ఆయన మీద అలిగే ఉన్నాడు. “తిన్నోడే చెప్తె గూడ ఆధారం కాదా?”

పంతులుగారూ పోయారు, బాపూ పోయాడు. మూడో అచ్చు రాలేదు. ఆ కొబ్బరికాయ ఇప్పటిదాకా ఎక్కడా అచ్చులో పడలేదు గనుక ఇక్కడ రాశాను. దయచేసి ఎవరూ దాన్ని కొట్టేయవద్దు.